వేలు దిగిన చోటు

కిందటి వారం మనం కారును మూగగది మధ్యలో, నాలుగు తలుపులూ బార్లా తెరిచి వదిలేసి వచ్చాం. డ్రైవరు సీట్లో త్రాసు స్టీరింగు మీద నుదురు ఆనించుకుని కూర్చున్నాడు. పక్కన తలుపు పట్టుకుని నిలబడ్డ చెల్లెలు, "తప్పెక్కడుందో దొరికేదాకా నేనిక్కణ్ణుంచి కదలను అన్నయ్యా" అంది. అక్కడితో మన పేజీ అయిపోయింది. వాళ్ల కష్టం మాత్రం అవలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఇది కార్ల ఫ్యాక్టరీ. మూగగది అంటే ప్రతిధ్వని పుట్టకుండా గోడలకు స్పాంజి పరిచిన గది. కారు కొంటే దాంతో పాటే లోపల బిగించి ఇచ్చే స్టీరియో ఉంటుంది కదా, దాని గొంతు సరిచేసే పని త్రాసుది. ఏ స్పీకరు ఎంత పలకాలి, ఏ శబ్దం తగ్గాలి, ఏది హెచ్చాలి అన్నది ఇన్నేళ్లుగా ఆయన చెవి చెప్పినట్టే జరిగింది. వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడని ఫ్యాక్టరీలో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. చెల్లెల్ని ఆయన చిన్నప్పుడే పిట్ట అన్నాడు, ఆమె పిట్టగానే మిగిలిపోయింది. అమ్మానాన్న పోయాక పిట్టను పెంచింది అన్నావదినలే. పని నేర్పింది అన్నే. పెళ్లికి ముందూ పెళ్లి తర్వాతా కూడా ఆమె ఆయన పక్క సీట్లో కూర్చునే పనిచేసింది.

ఈమధ్యే ఆమెను వినేవాళ్ల బృందంలోకి మార్చారు. సరిచేసిన కారులో కూర్చుని బాగుందో లేదో తీర్పు చెప్పే ఐదుగురన్నమాట. వండేవాళ్లు వేరు, రుచి చూసేవాళ్లు వేరు అని అక్కడ గట్టి నియమం. తీర్పరులు సరిచేసే మీటలు ముట్టుకోకూడదు, సరిచేస్తున్నప్పుడు కారులో కూర్చోకూడదు. ఆ నియమం పెట్టిందీ త్రాసే. పిట్టకు ఆ కుర్చీ ఇచ్చిన రోజున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ ఆయనే.

ఆ తర్వాత వచ్చిన మొదటి కారు ఇది. ఐదుగురూ విని ఒకే మాట చెప్పారు: గుచ్చుకుంటోంది. పిట్ట కూడా అదే చెప్పింది. చెప్పి, చేతులు కడుక్కునే గదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది. ఇవాళ మధ్యాహ్న భోజనాల లోపల మరొక్కసారి వింటారు. మళ్లీ అదే మాట వస్తే స్టీరియో పనంతా బయటి స్పీకర్ల కంపెనీకి ఇచ్చేసి, మూగగదికి తాళం వేసి, త్రాసుకు గోదాములో ఒక కుర్చీ వేస్తారట. డైరెక్టరు మంచివాడే, కానీ గాలి ఎటు వీస్తే అటు ఊగే మనిషి. తప్పు సామానులో ఉందేమో చూడడానికని పిట్టకు ఈ పూట మటుకు లోపలికి వెళ్లే సెలవిచ్చాడు. వెతకొచ్చు, మార్చకూడదు. ఇదీ మాట.

పొద్దుటి నుంచి అన్నాచెల్లెళ్లు ఆ కారులో ఊడదీయనిది లేదు. తలుపుల లోపలి అట్టలు విప్పారు, మళ్లీ బిగించారు. అద్దాల మూలన ఉండే చిట్టి స్పీకర్లు, సన్నటి శబ్దాలన్నీ పలికేవి అవే, తీసేసి స్టోరు నుంచి కొత్తవి తెచ్చి పెట్టారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు లాగి పారేశారు. వైర్లు మార్చారు. ఒక్కో పని అయ్యాక తలుపులు మూసి అదే పాట పెట్టారు. ఒకావిడ ఒంటరిగా, ఒకే ఒక్క తంత్రీవాద్యం తోడుతో పాడిన పాట అది. మూగగదిలో ప్రతి కారుకూ అదే పరీక్ష. పాటలో 'స' అన్న అక్షరం వచ్చినప్పుడల్లా చెవి పక్కన అగ్గిపుల్ల గీసినట్టుంది. పిట్ట భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఇప్పుడెలా ఉంది?" అని త్రాసు అడిగాడు. అడిగినప్పుడల్లా ఆయన కళ్లు స్పీకరు వైపు కాక చెల్లెలి ముఖం మీదికే పోయాయి.

"అలాగే ఉంది."

"బృందంలో వాళ్ల మాటలు విని నీక్కూడా అలా అనిపిస్తోంది. నలుగురూ నల్లన అంటే నువ్వూ నల్లనే అంటావా?"

"అన్నయ్యా, నాకు నొప్పి పుడుతోంది. నొప్పి కూడా వాళ్లను చూసి తెచ్చుకుంటానా?" అంది పిట్ట. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కసారి మైకు పెట్టి కొలిచి గీత తీద్దాం" అంది.

"మైకా!" త్రాసు గొంతు లేచింది. "కారు కొన్నవాడు మైకును తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాడా? వాడికుండేవి రెండు చెవులు. మనం సమాధానం చెప్పాల్సింది ఆ రెండింటికే."

ఇది ఆయన పాత మాటే. మూగగదిలో మైకు పని మొదట్లోనే అయిపోతుంది. ఆఖరి చెయ్యి చెవి చెప్పినట్టే పడుతుంది, ఆ తర్వాత ఎవరూ మైకును కారు దరిదాపులకు తేరు. ఆ పద్ధతిలోనే కార్లకు మంచి పేరొచ్చింది కనక ఎవరికీ అనుమానం రాలేదు. పేరు వచ్చిన పద్ధతిని ఎవరడుగుతారు?

"అయితే పాము పెడదాం. ఏదైనా వదులుగా ఉంటే పట్టేస్తుంది" అంది పిట్ట.

పాము అంటే బెదరకండి. నేలలోంచి వచ్చే గుర్రుమనే చప్పుడులా మొదలై, మెల్లగా సన్నబడుతూ పైకి పాకి, చివరికి దారప్పోగంత ఈలగా మారి ఆగిపోయే ఒకే ఒక్క శబ్దానికి మూగగదిలో ఆ పేరు. అది పాకుతుంటే కారులో ఏ మర వదులైనా, ఏ అట్ట కదిలినా గజగజమని బయటపడుతుంది. ఆ సమయంలో నోరెత్తకూడదు. అందుకని అందరూ మోకాలి మీద చెయ్యి ఉంచి చూపుడు వేలు పైకెత్తుతారు. పాము వినబడినంతసేపూ వేలు లేచి ఉంటుంది. గజగజ వినబడితే వేలితో తడతారు. పాము ఆగితే వేలు దించుతారు. ఇదీ త్రాసు నేర్పిన పద్ధతే.

మామూలుగా అయితే ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరికి కనబడేలా కూర్చునేవారు. ఇవాళ త్రాసుకు కుదురు లేదు. అట్ట వణుకుతోందేమో అరచేత్తో చూస్తానని కిందికి వంగి, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు. ఎడమ చెయ్యి మటుకు అలవాటుగా మోకాలి మీద ఉంది. వేలు లేచి ఉంది.

పిట్ట పాము పెట్టింది. గుర్రు మొదలైంది, సీటు కింద నుంచి పైకి వచ్చింది, గొంతంతయింది, ఈలంతయింది. ఎక్కడా గజగజ లేదు. అన్న వేలు దిగింది.

పాము ఆగలేదు. ఇంకా పైకి పాకుతూనే ఉంది, చిట్టి స్పీకర్లు రెండూ గొంతు చించుకుంటున్నాయి. పిట్ట వేలు లేచే ఉంది.

అలసిపోయి ఉంటాడు, ఆలోచనలో పడి దించేసి ఉంటాడు అని ఆమె తనకు తానే చెప్పుకుంది. "ఎక్కడో చిన్న గలగల విన్నట్టుంది, మళ్లీ పెడతా" అంది. అన్నకు ఆమె చెప్పిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, ఇది అందులో చేరింది. రెండోసారి కూడా వేలు సరిగ్గా అక్కడే దిగింది. అక్కడే, ఆ ఈల దగ్గరే.

మూడోసారి ఆమె పామును మొదటి నుంచి పెట్టలేదు. తోక ఒక్కటే పెట్టింది. మామూలు మనిషైతే చెవులు మూసుకునేంత గట్టిగా పెట్టింది. కారంతా ఆ కీచుతో నిండిపోయింది. ఆమె పళ్లు జివ్వుమన్నాయి.

డ్యాష్‌బోర్డు కింద నుంచి అన్న అన్నాడు: "పెట్టవేమే? ఎంతసేపు వంగి ఉండను?"

ఆమె కళ్ల ముందు అన్నయ్య వంటింట్లో ఫ్రిజ్ తలుపు కదిలింది. తలుపు తెరిచి ఉంచితే సన్నగా కీచుమనే ఫ్రిజ్ అది. మొన్న అన్నయ్య దాని ముందే నిలబడి, తలుపు పట్టుకుని, ఏదో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. అది కీచుమంటూనే ఉంది. వదిన లేచి వచ్చి, ఏమీ అనకుండా, ఆయన చేతి మీదుగా తలుపు మూసి వెళ్లింది. వదినకు తెలుసు. వదినకు తెలిసి ఎంతకాలమైందో!

పిట్ట మీటల పెట్టెకు తగిలించిన తెర తన వైపు తిప్పుకుంది. ఏ శబ్దాన్ని ఎంత హెచ్చించారో గీత రూపంలో చూపించే తెర అది. ముందు నుంచీ బుద్ధిగా, సమంగా వచ్చిన గీత ఒకచోట తల ఎత్తి, మేడ మెట్లెక్కినట్టు పైకి పోయింది. ఆ చోటు ఏదో ఆమె వెతుక్కోనక్కర్లేదు. అన్న వేలు దిగిన చోటు అదే. తనకు వినబడనిదంతా వినబడేదాకా పెంచుకుంటూ పోయాడు మహానుభావుడు. పెంచగా పెంచగా ఆయనకు సరిపోయింది. మిగతా లోకానికి సూది అయింది.

త్రాసు నడుం పట్టుకుని పైకి లేచాడు. చెల్లెలి ముఖం చూశాడు. ఆ ముఖం చదవడం ఆయనకు అలవాటే.

"ఏమైంది?"

"పాము ఇంకా ఆగలేదు అన్నయ్యా."

ఆమె చెయ్యి చాచి ఆపింది. శబ్దం ఆగిన సంగతి ఆమె ఒక్కదానికే తెలిసింది.

త్రాసు ముందు కోపం తెచ్చుకున్నాడు. ఏసీ హోరులో వినబడలేదన్నాడు. ఏసీ వెయ్యనే లేదని గుర్తొచ్చి, తల కింద ఉంటే ఎవరికైనా అంతేనన్నాడు. తర్వాత ఆ కోపం కూడా ఆయన్ను వదిలేసి పోయింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎక్కడికో డ్రైవు చేస్తున్నవాడిలా, నెమ్మదిగా అన్నాడు:

"ఎర్ర చిన్నకారు చేసిన నాటి నుంచే."

"ఎర్ర చిన్నకారా? దానికి బహుమతి వచ్చింది కదా! తర్వాత వచ్చిన వెండిరంగు దానిక్కూడా వచ్చిందిగా!"

"వచ్చింది. నువ్వు పక్కనున్నావుగా."

పిట్టకు అర్థం కాలేదు. "నేను ఉంటే? నేను మీట తిప్పలేదే. ఇవాళ్టి దాకా నన్ను నువ్వు ఎలా ఉందని అడగను కూడా అడగలేదు."

"అడగక్కర్లేదు. నువ్వు దాచుకోలేవమ్మా, చిన్నప్పట్నించీ అంతే. ఎక్కువైతే నీ కనుబొమ్మలు దగ్గరకొస్తాయి. తక్కువైతే మెడ ముందుకు చాస్తావు. సరిగ్గా కుదిరినప్పుడు..." త్రాసు ఆగాడు. "సరిగ్గా కుదిరినప్పుడు కింది పెదవి కొంచెం వదులవుతుంది నీకు. నేను మీట తిప్పుతూ నీ మొహం చూసేవాణ్ణి. పెదవి వదులవగానే ఆపేసేవాణ్ణి. అంతే పిట్టా. ఆ కార్లు నేను చెయ్యలేదు."

ఇలాంటి మాట విన్నప్పుడు మనిషికి ముందు జాలి కలగాలి అని మనం అనుకుంటాం. పిట్టకు కలగలేదు. ఒళ్లు మండింది.

"అంటే నువ్వు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నది అందుకా? నాకు పని నేర్పుతున్నావనుకున్నా. మా అన్నయ్య ఎంత మంచివాడు, ఎవరికీ చూపించని పని నాకు చూపిస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నా! అత్తారింట్లో కూడా చెప్పుకున్నా! నేను నీకు చెల్లెల్నా, మైకునా?"

"పిట్టా..."

"మైకు వద్దన్నావుగా? మైకు తెస్తే చెయ్యి నరికేస్తానన్నావుగా? మరి ఇన్నాళ్లూ నీ పక్కన కూర్చున్నదేంటి?"

త్రాసు తల దించుకున్నాడు. "మొదట నేర్పాను" అన్నాడు. "అది నిజం. నీ తల మీద ఒట్టు. ఎప్పుడు నేర్పడం ఆగి వాడుకోవడం మొదలైందో నాకే తెలీలేదు. చెవి ఒకరోజు పోలేదు పిట్టా. రోజూ ఇంత, రోజూ ఇంత పోయింది. ఇవాళ తక్కువ వినబడిందని ఏ రోజూ అనిపించలేదు. పాటలే బాగా రావడం లేదు ఈమధ్య అనుకునేవాణ్ణి."

ఆ ఆఖరి మాటకు పిట్ట కోపం నీళ్లయిపోయింది. పాటలే బాగా రావడం లేదనుకున్నాడట. తనకు మొదటి పాట వినిపించింది ఆయనే. ఆయన ఒళ్లో కూర్చుని, ఒకే ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకుని వింది. ఆమె మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. తిప్పుకున్నా లాభం లేదని, ఈ మనిషి తన ముఖాన్ని చూడకుండానే చదవగలడని ఆమెకు ఇప్పుడు తెలుసు.

"డైరెక్టరు గారికి చెప్పేద్దాం" అంది. "చెవులు నావి, చెయ్యి నీది. ఇద్దరం కలిసి చేస్తామని చెబుదాం. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఏ మీట తిప్పితే ఏమవుతుందో..."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, రేపట్నించి ఫ్యాక్టరీలో ఆ సామెత మానేసి నా పేరు చెప్పుకుంటారు. గోదాములో కుర్చీ కూడా జాలితో వేస్తారు." త్రాసు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి పిట్టా. ఈ ఒక్క కారు. నువ్వు ఏమీ ముట్టుకోవద్దు. ఏమీ చెప్పొద్దు. ఊరికే కూర్చో. నేను నీ మొహం చూస్తా. కారు పాసైతే నేనే వెళ్లి ఒంట్లో బాగోలేదని రాజీనామా ఇస్తా. పేరుతో పోతా. ఈ చెవులతో పోయానని తెలిస్తే నేను బతకలేను."

"ఇది మోసం అన్నయ్యా. నేను తీర్పరిని."

"తెలుసు. ఆ నియమం నేనే పెట్టాను."

గది తలుపు మీద తట్టారు. డైరెక్టరు గారి అటెండరు తల లోపలికి పెట్టి, బృందం బయల్దేరిందని, బయటి స్పీకర్ల కంపెనీ మనిషి, ఎప్పుడూ కోటులో ఉంటాడు కనక అందరికీ కోటాయన, కూడా వస్తున్నాడని చెప్పి వెళ్లిపోయాడు. త్రాసు బతిమాలడం అయిపోయింది, ఇక చూపులే మిగిలాయి.

పిట్ట పక్క సీట్లోంచి దిగలేదు. తలుపు వేసుకుంది. పాట పెట్టింది.

ఆ కాసేపు ఏం జరిగిందో చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగానూ, కొంచెం సంతోషంగానూ ఉంది. అన్న మీట తిప్పాడు, చెల్లెలి ముఖం చూశాడు. మొదట్లో ఆమె ముఖం బిగుసుకుపోయింది. చూస్తున్నారని తెలిశాక ముఖం ముఖంలా ఉంటుందా? కావాలని పెట్టినట్టు ఉంది. త్రాసు చెయ్యి తడబడింది, పాట ఇంకా పాడైంది. "నన్ను మర్చిపో. పాట విను" అన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. 'స' వచ్చింది, అగ్గిపుల్ల గీసింది, కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి. మీట తిరిగింది. మళ్లీ 'స' వచ్చింది. ఈసారి అగ్గిపుల్ల తడిసింది. మీట ఇంకొంచెం తిరిగింది. పాడే ఆవిడ డ్యాష్‌బోర్డు మీదికి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది, ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. తీగ మీటినప్పుడు గోరు తగిలిన చప్పుడు విడిగా వినబడింది. పిట్ట పెదవి వదులైంది.

ఆమె కళ్లు తెరిచేసరికి అన్న చెయ్యి మీట మీద నుంచి తీసేసి ఉన్నాడు.

"బాగుందా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోరు తెరిచి ఆ మాట అడగడం ఇదే మొదలు.

"చాలా బాగుంది అన్నయ్యా" అంది పిట్ట, ఏడుస్తూనే.

బృందం వచ్చేసరికి ఆమె గీత అవతలికి వెళ్లి నిలబడింది. మూగగది నేల మీద కారు చుట్టూ ఒక పసుపు గీత ఉంటుంది. వంతు రానివాళ్లు దాని బయటే ఉండాలి. ఒక్కొక్కరే వెళ్లి తలుపు వేసుకుని విన్నారు. మొదట వెళ్లినాయన బయటికొచ్చి బాగుందన్నట్టు తల ఊపాడు. రెండోఆవిడ, "ఇది పాత కారేనా?" అంది. పిట్ట వంతు వచ్చింది. వెళ్లి కూర్చుంది, పాట మొత్తం వింది, వచ్చి బాగుందంది. నిజమే చెప్పింది. నిజం చెప్పి ఇంత దొంగలా ఎప్పుడూ అనిపించలేదు ఆమెకు. డైరెక్టరు కారులోంచి దిగి త్రాసు భుజం తట్టి, "నేననుకుంటూనే ఉన్నానండీ, మీరు ఉండగా మనకి బయటివాళ్లెందుకు!" అన్నాడు. గాలి ఇటు తిరిగిందన్నమాట.

త్రాసు గోడకు ఆనుకున్నాడు. ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. పిట్ట అది చూసి, చేసిన తప్పు ఎంతదైనా సరే, చేసినందుకు సంతోషపడింది.

ఆఖరున విన్నది కోటాయన. ఇస్త్రీ మడత నలిగితే ప్రాణం పోతుందన్నట్టు దిగాడు. ఆయన ముఖంలో ఓడిపోయిన కళ లేదు.

"అద్భుతంగా ఉందండీ" అన్నాడు. "మొన్న సూది, ఇవాళ తేనె. సామాను కూడా మార్చారట, కానీ తేడా సామానుది కాదని నాకు తెలుస్తోంది. ఇది చేత్తో చేసిన పని. ఇంత చెయ్యి మా కంపెనీలో కూడా ఎవరికీ లేదు. డైరెక్టరు గారూ, నాదొక చిన్న కోరిక. మీటలన్నీ నేను చెడగొడతాను. త్రాసు గారు నా ముందర ఒక్కసారి సరిచేసి చూపిస్తే, పక్కన కూర్చుని నేర్చుకుంటాను."

"దానికేం భాగ్యం! ఆయనకదెంతపని!" అన్నాడు డైరెక్టరు, వెనక సీటు తలుపు తెరుస్తూ. తమాషా చూడడానికి ఆయనకెప్పుడూ ఓపికే.

కోటాయన పక్క సీట్లో కూర్చుని, మీటలన్నీ అటూ ఇటూ తిప్పేసి, జేబురుమాలు తీసి తెర మీద పరిచాడు. "అంకెలు, గీతలు ఎందుకు లెండి. చెవితోనే."

"నేను కూడా లోపల..." అంటూ పిట్ట గీత దాటబోయింది.

"మీరు తీర్పరులు కదమ్మా" అన్నాడు కోటాయన మర్యాదగా. "సరిచేస్తున్నప్పుడు తీర్పరులు కారులో కూర్చోకూడదని మీ నియమమేనని విన్నాను. చాలా మంచి నియమం. మేం కూడా పెట్టుకుంటాం."

త్రాసు డ్రైవరు సీట్లోకి వెళ్లాడు. తలుపులు ఒక్కొక్కటే పడ్డాయి. మూగగదిలో తలుపు పడితే ప్రతిధ్వని ఉండదు, చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోతుంది.

పిట్ట పరుగులాంటి నడకతో గీత వెంబడే కారు ముందుకు వెళ్లి, సరిగ్గా ముందు అద్దానికి ఎదురుగా నిలబడింది. లోపల డైరెక్టరు తల ఆడడం మొదలైంది. పాట పెట్టారన్నమాట. అన్న చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఆయన తల ఎత్తాడు. ఆయన కళ్లు అద్దంలోంచి వచ్చి ఆమె ముఖం మీద నిలిచాయి.

అప్పుడు తెలిసింది పిట్టకు. తలుపులన్నీ మూసిన ఆ కారులోంచి ఒక్క శబ్దం కూడా బయటికి రావడం లేదు. ఇంత బాగా చప్పుడు ఆగేలా ఆ తలుపుల అంచులకు రబ్బరు పట్టీలు వేయించింది కూడా అన్నే. పాట ఎక్కడుందో, 'స' వచ్చిందో పోయిందో, సూదో తేనో ఆమెకేం తెలుసు? ఆయన చూస్తున్నాడు. మీట తిరుగుతోంది. తిప్పుతూ, ఎదురుచూస్తూ, చూస్తున్నాడు. ఇన్నేళ్లూ ఆయనకు లోకం ఎలా కనిపించిందో ఇప్పుడామెకు కనిపిస్తోంది: మనుషుల పెదవులు కదులుతుంటాయి, తలలు ఆడుతుంటాయి, మధ్యలో గాజు.

ఇప్పుడు తనే లోపలివాళ్లలో ఎవరి ముఖమైనా చదవాలి. వెనక సీట్లో డైరెక్టరు ముఖం నీడలో సరిగ్గా కనబడడం లేదు. పక్క సీట్లో కోటాయన ముఖం గోడలా ఉంది. ఆ గోడ మీద, చెంప దగ్గర, ఏదో చిన్నగా బిగిసినట్టు అనిపించింది పిట్టకు. అనిపించిందా? నిజంగా బిగిసిందా? ఆలోచించే వ్యవధి లేదు. ఆమె కనుబొమ్మలు దగ్గరకు తెచ్చింది.

అన్న చెయ్యి టక్కున ఆగి, వెనక్కి తిరిగింది.

కోటాయన ఆ చేతిని చూశాడు. తర్వాత త్రాసు కళ్లను చూశాడు. తర్వాత ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో అటు నెమ్మదిగా తల తిప్పాడు.